బిడ్డకు మాట వచ్చు విధము

బిడ్డ బోర్లపడిననాడు బొబ్బట్లు, అడుగు వేసిననాడు అరిసెలు, పలుకు పలికిననాడు పంచదార చిలుకలు పంచుట మన యిండ్లలో ననేకచోట్ల నాచారము. ఇంతటి వేడుకకు గారణమైన యా పలుకు బిడ్డ కెట్లు వచ్చినదని యాలోచించువారు మాత్రము తక్కువ. “మాటలు వాటంతట అవే వస్తాయి” అని పెద్దలందురు. ఇందు సగము మాత్రమే నిజమని చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేమెరిగిన యొక గృహమున జరిగిన సంగతిని ముందుగా మనవి చేసెదము. తలిదండ్రు లిరువురు నుద్యోగములు చేయువారు. వారి కుమారునకు మూడేండ్లు. అన్నము పెట్టునపుడెల్ల చేతిఫోను నెదుట నిలిపి బొమ్మలు చూపించుట వాడుక. బాలుడు రంగుల పేర్లను, జంతువుల పేర్లను, ఇరువది వరకు నంకెలను ఇంగ్లీషులో గడగడ చెప్పును. వచ్చినవారందరు మెచ్చుకొనుచుండిరి. ఒకనాటి రాత్రి వాడు నిద్రలేచి గుక్కపట్టి యేడ్చినాడు. పల్లెనుండి వచ్చియున్న నాయనమ్మ యొడిలోనికి దీసికొని, ఎక్కడ నొప్పి యని యెన్ని విధముల నడిగినను వాడు ఏడ్చుటయే గాని చెప్పలేదు. తెల్లవారిన పిదప చూడగా చెవినుండి చీము కారుచుండెను. చెవి యను మాట వానికి రెండు భాషలలోను వచ్చును. బొమ్మలో చెవిని చూపగలడు. కాని “నా చెవి నొప్పి పెడుతోంది” అని యొకరితో చెప్పుకొనుట మాత్రము రాదు.

పేర్లు వల్లించుట వేరు; మాటాడుట వేరు. మాట యనగా నొకరి మనస్సునుండి యింకొకరి మనస్సునకు వేసిన దారి. ఆ దారి ఇద్దరు నడిచిననే గాని యేర్పడదు. ఈ యొక్క విషయమును గుర్తించినచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

శిశువు వినుట

అభిమన్యుడు తల్లిగర్భమున నుండియే పద్మవ్యూహమును గూర్చి వినెనని మనము చిన్ననాటినుండి వినియున్నాము. వ్యూహముల మాట యెట్లున్నను, గర్భమందలి శిశువు కడపటి మాసములలో తల్లి కంఠమును వినుననుట నేడు పరీక్షలవలన దేలిన సత్యము. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అను శాస్త్రజ్ఞులు పుట్టి మూడు దినములైనను నిండని శిశువుల నోట పాలులేని పీకనుంచి, వారు చప్పరించు తీరునుబట్టి తల్లి గొంతో, పరాయి స్త్రీ గొంతో వినబడునట్లు చేసిరి. శిశువులు తల్లిగొంతు వచ్చునట్లే యెక్కువగా చప్పరించిరి. 1986లో జరిగిన మరియొక పరీక్షలో, గర్భిణులు చివరి ఆరువారములు ఒక కథాభాగమును ప్రతిదినము పైకి చదివిరి. పుట్టిన శిశువులు వినని కథకంటె విన్న కథనే కోరిరి. 1988లో ఫ్రాన్సు దేశపు పరీక్షలో నాలుగు దినముల పసికందులు తమ యింటి భాషకును రష్యను భాషకును గల భేదమును గుర్తించిరి. అర్థము తెలిసికాదు, ఆ నడక, ఆ లయ పరిచితములగుటచేతనే.

ఇంతకంటె మన తెలుగువారికి దగ్గరి యుదాహరణ మొకటి కలదు. “మాత” అన్నను “మాట” అన్నను మనకు పూర్తిగా వేరు. ఆ త, ట ల భేదము ఇంగ్లీషు మాత్రమే యెరిగిన పెద్దవారి చెవికి సులభముగా నందదు. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనువారు హిందీలోని యిట్టి త, ట లనే తీసికొని శిశువులను పరీక్షించిరి. ఆరు మొదలు ఎనిమిది మాసముల వయస్సుగల శిశువులు, ఇంగ్లీషు మాటాడు నిండ్లలో పుట్టినవారైనను, ఆ భేదమును చక్కగా గుర్తించిరి. పది, పండ్రెండు మాసములు వచ్చునప్పటికి వారిలో బహుకొద్దిమందికి మాత్రమే యా శక్తి మిగిలినది. హిందీ మాటాడు నిండ్లలోని శిశువులకు మాత్రము అది చెడలేదు. దీనినిబట్టి ఏడాది నిండకమునుపే బిడ్డచెవి యింటిభాషకు తగినట్లు తీర్చబడుచున్నదని స్పష్టమగుచున్నది. మాట రాని బిడ్డతో మాటాడుట యెందుకని యూరకుండు తల్లి యెంత విలువైన కాలమును పోగొట్టుకొనుచున్నదో గమనింపవలయును.

మరియు నొక చిక్కు కలదు. వ్రాతలో పదమునకు పదమునకు నడుమ నెడముండును గాని పలుకులో నుండదు. “పాలుతాగుతావా”, “పాలుకాగాయి”, “పాలువొలికాయి” అని తల్లి యనినపుడు వినవచ్చునది యొకటే ధార. అందులో “పాలు” అనునది యొక మాట యని బిడ్డకెట్లు తెలియును? పలుమార్లు కలసివచ్చు ధ్వనులను లెక్క చూచుకొనుటచేత. 1996లో అమెరికాలో ఎనిమిది మాసముల శిశువులకు అర్థములేని ధ్వనులధారను రెండు నిమిషములు మాత్రమే వినిపించగా, అందు తరచు జతగా వచ్చు ధ్వనులను వారు గుర్తుపట్టిరి. కావున స్నానము చేయించునప్పుడును, అన్నము కలుపునప్పుడును తల్లి దినదినము చెప్పిన మాటలనే చెప్పుట విసుగు పుట్టించు పనివలె తోచినను, బిడ్డకు అదియే పాఠము.

బువ్వ, లాల, జేజి

చదువుకొన్న తల్లులు కొందరు “బువ్వ, లాల, జేజి” అను ముద్దుమాటలు పలుకరాదనియు, పెద్దలతో మాటాడినట్లే బిడ్డతో మాటాడవలయుననియు నందురు. ఈ భయము నిరాధారము. గొంతు కొంచెము హెచ్చించి, పదములను సాగదీసి, పాడినట్లు పలుకు తల్లి పలుకునకే శిశువు చెవియొగ్గునని 1985లో ఫెర్నాల్డ్ అను విదుషి నాలుగు మాసముల శిశువులలో చూపినది. మన జోలపాటలును, చందమామను పిలుచుటయు ఈ గుట్టు నెరిగిన తల్లులు పెట్టిన బడులే. బిడ్డ పెరిగినకొలది “బువ్వ” తానే “అన్నము” కాగలదు.

రెండు మూడు మాసములలో “ఉంగా” యనుటయు, ఆరేడు మాసములలో “బబబ, తతత” యని వల్లించుటయు, ఏడాది ప్రాంతమున మొదటి మాటయు, రెండేండ్లకు “అమ్మ రా”, “పాలు వద్దు” వంటి రెండు మాటల కూర్పును సాధారణముగ వచ్చు క్రమము. అమ్మ, మామ, పాప, బువ్వ యనునవి పెదవులు కలిపి విడిచిన చాలును గనుక ముందు వచ్చును. బిడ్డ “ఉంగా” యనగానే మనము “ఉంగా” యని బదులు పలుకుట వట్టి ముద్దు కాదు. నీవు పలికితివి, నేను వింటిని, ఇక నీ వంతు అని తెలుపుట. సంభాషణ యనునది యక్కడనే మొదలగుచున్నది.

తప్పులలోని తెలివి

మూడేండ్ల పిల్ల “నాకు రెండు పండులు కావాలి” అనినది. ఇంటిల్లిపాది నవ్విరి. “పండులు” అని ఇంటిలో నెవ్వరును అనలేదు. మరి ఆ పిల్ల యెక్కడ నేర్చినది? చెట్లు, మేకలు, బొమ్మలు అని వినివిని, అనేకములైనచో చివర “లు” చేర్చవలయునను సూత్రమును తానే కనిపెట్టినది. పండు పళ్ళగుననియు, గోరు గోళ్ళగుననియు ఇంక తెలియలేదు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అను పండితురాలు లేని జంతువు బొమ్మ నొకదానిని గీసి, దానికి “వగ్” అని పేరుపెట్టి పిల్లలకు చూపినది. ఇట్టివి రెండున్నచో నేమందురని యడుగగా పిల్లలు “వగ్స్” అనిరి. ఎన్నడును వినని మాటకు బహువచనము చెప్పినారనగా, పిల్లలు చిలుకలవలె పలుకుటలేదు, వ్యాకరణమును తామే కట్టుకొనుచున్నారని తేలినది.

కావున “రెండు అన్నలు” అన్న బిడ్డను వెక్కిరింపరాదు. “తప్పు, మళ్ళీ చెప్పు” అని నిలువదీయుటయు మేలుగాదు. “ఇద్దరు అన్నలా? ఇద్దరు అన్నలూ బడికి వెళ్ళారమ్మా” అని సరియైన రూపమును మన బదులులో వినిపించిన చాలును. మాట తప్పైనను భావము మనకు జేరినదని బిడ్డకు తెలియవలయును. వెక్కిరింత పడిన బిడ్డ నోరు మూసికొనును.

తెలుగుబిడ్డ నేర్వవలసినవి యింకను గలవు. ఇరుగుపొరుగువారితో “మా ఇల్లు” అనవలయును. చెల్లెలితో “మన ఇల్లు” అనవలయును. స్నేహితుని “నువ్వు” అనవచ్చును; తాతగారి స్నేహితుని “మీరు” అనవలయును. వాడు, అతడు, ఆయన యను మెట్లు తెలియవలయును. ఇవి వట్టి వ్యాకరణము గాదు. ఎవరు మనవారు, ఎవరికెంత మన్నన యను లోకజ్ఞానము. పెద్దలు నలుగురు మాటాడుకొనుచుండగా వినని బిడ్డకు ఇది పుస్తకమువలన రాదు.

మనిషి కావలయును

16వ శతాబ్దమున అక్బరు చక్రవర్తి, మాట సహజముగా వచ్చునా, వినుటచేత వచ్చునా యని తెలిసికొనగోరి, కొందరు శిశువులను వేరొకచోట నుంచి, దాదులు వారితో మాటాడరాదని కట్టడి చేసెను. కొన్నియేండ్లకు పోయి చూడగా వారికి మాట లేదు. ఈ సంగతి అక్బరునామాలో నున్నది. ఇట్టి క్రూరకార్యము నెవ్వరును మరల చేయకుందురు గాక.

దీనికి మారుగా ఆనందము కలిగించు వృత్తాంత మొకటి నికరాగ్వా దేశమున జరిగినది. అచ్చటి చెవిటిపిల్లలు పూర్వము ఎవరియింట వారు ఒంటరిగా నుండిరి. 1977 తరువాత మనాగువా నగరమున వారికై బడి తెరచిరి. ఉపాధ్యాయులు పెదవుల కదలికనుబట్టి స్పానిషు నేర్ప యత్నించిరి. అది యంతగా ఫలింపలేదు. కాని పిల్లలు ఆటస్థలములో, బండిలో ఒకరితోనొకరు చేసికొన్న సైగలు కొలది యేండ్లలో నొక భాషగా పరిణమించినవి. తరువాత వచ్చిన చిన్నపిల్లలు దానికి వ్యాకరణము నిచ్చి యింకను పుష్టిచేసిరి. భాషను గ్రహించుశక్తి ప్రతిబిడ్డకును పుట్టుకతోనే కలదు. కాని తోడి మనిషి లేనిచో అది మొలకెత్తదు. “వాటంతట అవే వస్తాయి” అనుట సగము నిజమని మేమనుటకు గారణ మిదియే.

ఇక ఫోను మాట. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలు తొమ్మిది మాసముల శిశువులను తీసికొని, చీనాభాష మాటాడువారిచేత పండ్రెండు పర్యాయములు వారితో నాడించి, పుస్తకములు చదివించినది. ఆ శిశువులు చీనాభాషలోని క్లిష్టమైన ధ్వనిభేదమును నేర్చుకొనిరి. అదే మనుష్యులను, అదే మాటలను తెరపై చూపగా వేరొక జట్టు శిశువులు ఏమియు నేర్వలేదు. తెరలోని బొమ్మ బిడ్డముఖమును చూడదు, బిడ్డ చూచిన వైపునకు చూడదు, బిడ్డ పలుకువరకు నాగదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో రెండేండ్లలోపు పిల్లలకు తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు చెప్పినది.

అయినను ఒక మినహాయింపు కలదు. 2014లో జరిగిన పరీక్షలో, రెండు రెండున్నరయేండ్ల పిల్లలు తెరపై ఎదుటివారు తమను చూచుచు, తమ పలుకునకు బదులు చెప్పుచు మాటాడినపుడు క్రొత్తమాటలు నేర్చిరి. కావున బిడ్డ అమెరికాలోను, అమ్మమ్మ గోదావరి యొడ్డునను ఉన్నచో, వారిరువురు వారమునకు నాలుగు మార్లు ఒకరినొకరు చూచుకొని మాటాడుట మిక్కిలి మేలు. తప్పు యంత్రమునందు లేదు, బదులు లేకుండుటయందున్నది.

2018లో నాలుగు మొదలు ఆరేండ్లవరకు గల 36 మంది పిల్లల యిండ్లలో మాటలను నమోదుచేసి చూచిన పరిశోధకులు, బిడ్డ యెన్ని మాటలు వినెనన్న దానికంటె, పెద్దలతో నెన్నిమార్లు మార్చిమార్చి మాటాడెనన్నదే మెదడులో భాషకు సంబంధించిన భాగముయొక్క పనితో నెక్కువ పొత్తు గలిగియున్నదని కనుగొనిరి. కలవారియింటనైనను, లేనివారియింటనైనను ఇది యొక్కటియే.

ఏ భాషలో మాటాడవలయును?

ఈ ప్రశ్న నేడు తల్లులను మిక్కిలి బాధించుచున్నది. బడిలో ఇంగ్లీషు కావలసియున్నది గావున ఇంటిలోను ఇంగ్లీషే మాటాడుదమని కొందరు తెలుగును మానుచున్నారు. వారి ఆశయము మంచిదే. మార్గము మాత్రము సరిగాదు. తల్లికి ఇంగ్లీషులో “కమ్, ఈట్, సిట్” అనుటయే వచ్చినచో బిడ్డకు దొరకునది ఆజ్ఞలభాష. కథలు, హాస్యము, బుజ్జగింపు, ఎందుకు, ఎట్లు అనువాని సమాధానములు ఆ భాషలో నామెకు రావు. తాను నిండుగా మాటాడగల భాషలో బిడ్డతో మాటాడుటయే తల్లికి తగినపని. ఒక భాషలో కథను అల్లనేర్చిన బిడ్డ, ఆ నేర్పును రెండవ భాషలోనికి తానే కొనిపోవును.

రెండు భాషలు బిడ్డను తికమక పెట్టునను భయము వలదు. తమిళనాడు, కర్నాటకము, ఒడిశాలలోని మన తెలుగుకుటుంబములలో ఇంట తెలుగు, వీధిలో వేరొకభాష పలుకు పిల్లలు తరతరములుగా నున్నారు. మొదట నొక్కొక్క భాషలో కొన్ని మాటలు తక్కువగా తోచినను, రెండును కలిపి లెక్కించినచో వారికి లోటు లేదు. 1953లోనే యునెస్కో సంస్థ పిల్లలకు మాతృభాషలో చదువు ప్రారంభించుట శ్రేష్ఠమని ప్రకటించినది. మన దేశపు 2020 నాటి జాతీయ విద్యావిధానమును, వీలైనచోట్ల కనీసము అయిదవ తరగతివరకు ఇంటిభాషలో బోధింపవలయునని చెప్పుచున్నది.

2011 జనాభాలెక్కలలో తెలుగు తమ మాతృభాష యనినవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది యుండగా తెలుగునకేమి లోటని యనుకొనవచ్చును. కాని భాష కోట్లలో బ్రదుకదు. ఒక్కొక్క యింటిలో బ్రదుకును. మనుమడును నాయనమ్మయు మాటాడుకొనలేని యింట ఆ యింటిమట్టునకు భాష ముగిసినట్లే.

ఆలస్యమైనచో

మాట యాలస్యమైనప్పుడు “వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది” అని యూరడిల్లుట తగదు. పెద్దచప్పుడునకు ఉలికిపడకున్నను, ఏడాది నిండినను “బబబ, తతత” యనకున్నను, పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను, ఒకటిన్నరయేండ్లకు మాట రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చకున్నను, వచ్చిన మాటలు పోయినను వెంటనే వైద్యునకు చూపవలయును. ముందుగా చెవులను పరీక్ష చేయింపవలయును. పుట్టిన మాసములోనే చేయదగిన పరీక్ష కలదు. దానివలన బిడ్డకు నొప్పి యుండదు. వినికిడిలోపమును ఆరుమాసములలోపున గనిపెట్టి తగినసాయము చేసినచో మాట బాగుగా వచ్చునని 1998లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. పుట్టుచెవిటి బిడ్డకు సైగలభాషయును నిండైన భాషయే. అది నేర్పినంతమాత్రమున నోటిమాట రాకపోదు.

వసకొమ్ము నరగదీసి తేనెతో నాకించిన మాట వచ్చునను నమ్మకము మనలో పాతది. దానివలన మాట వచ్చునని ఋజువు లేదు. వసవలన పసిబిడ్డలకు వాంతులు కలుగవచ్చును. ఏడాదిలోపు బిడ్డకు తేనె కూడదని వైద్యులందరు చెప్పుచున్నారు. కావున దానిని మానుట మంచిది.

ఇంట చేయదగినది

దీనికై వేరుగా వేళ కేటాయింప నక్కరలేదు. కూరగాయలు తరుగునపుడు బిడ్డను దగ్గర గూర్చుండబెట్టుకొని, “ఇది వంకాయ, నున్నగా ఉంది చూడు, ఇది కాకరకాయ, గరుకుగా ఉంది” అని చేతికీయవచ్చును. ఒక ప్రశ్న యడిగి, బదులు వచ్చువరకు నాగవలయును. బిడ్డ తడుముకొనుచున్నపుడు మనమే పూర్తిచేయరాదు. అడిగిన కథనే మరల నడిగిన విసుగుకొనక చెప్పవలయును. అన్నము వేళ ఫోనును దూరముగా నుంచవలయును. ఇది తల్లియొక్కతె పని గాదు. తండ్రి, తాత, అత్త, అక్క యందరును పాలుపంచుకొనిన బిడ్డకు మాటలసంపద హెచ్చును, తల్లికి బరువు తగ్గును. ఓనమాలకు తొందర లేదు. నోట నిండిన భాషకే పలకపై అక్షరములు అర్థవంతములగును.

మేము మొదట చెప్పిన గృహమున ఆ రాత్రి తరువాత భోజనమువేళ ఫోనును బీరువాలో నుంచిరి. మొదటి నాలుగు దినములు బాలుడు అల్లరి చేసినాడు, అన్నము తినలేదు. నాయనమ్మ ముద్దకొక మాటగా కథ చెప్పసాగినది. ఆమె ప్రయాణము మానుకొని ఆరుమాసము లుండినది. కొన్ని మాసములకు మేము వారియింటికి పోయినపుడు బాలుడు నాయనమ్మ మోకాలిపై చేయివేసి, “నానమ్మా, నీకు ఇక్కడ నొప్పా?” అని యడుగుచుండెను. ఆమె మోకాలినొప్పి ఇంటిలో నందరు నెరిగినదే; ఆ దినము అడిగినవాడు మాత్రము వాడొక్కడే.